నొప్పి లేదుగా, ఇంకెందుకు బిళ్ల?

మా నాయనకు ఒంగోల్లో గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేసి మూడేళ్లు దాటింది. మాది కందుకూరు. 2022లో మమ్మల్ని నెల్లూరు జిల్లాలో కలిపినా ఆయన మాత్రం ప్రకాశం అనే చెప్పేవాడు. అంత మొండి.

సంక్రాంతికి వెళ్లి మందుల డబ్బా సర్దుతుంటే ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్ బిళ్ల) అట్టలు తొమ్మిది బయటపడ్డాయి, ఒక్క బిళ్ల కూడా చించకుండా. అమ్మ నెలనెలా తెస్తోంది, ఆయన దాస్తున్నాడు. అడిగితే, "పన్ను పీకేటప్పుడు ఆపమన్నారు కదరా" అన్నాడు. పన్ను పీకింది వినాయక చవితికి ముందు!

ఆపమన్నవాళ్లు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పలేదు. అసలు ఒక పన్ను పీకడానికి చాలాసార్లు ఈ బిళ్ల ఆపాల్సిన పనే ఉండదు. గుండె డాక్టర్‌ను ఒక మాట అడిగితే ఏం పోయింది? నాకు కోపం అక్కడ. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో ఒక లైను రాసిచ్చి, జీవితాంతం వేసుకోవాలని నోటితో చెప్పకపోతే మనిషికెలా తెలుస్తుంది?

బీపీ, షుగర్ బిళ్లలు మాత్రం ఒక్కపూట తప్పలేదు. వాటికి మెషిన్లున్నాయి, నంబరు కనిపిస్తుంది. దీనికి కనిపించేదేమీ లేదు, ఖరీదు చూస్తే రోజుకు రూపాయి కూడా పడదు. ఇక లెక్కేముంది?

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే ఆయనకు తెలుసు. అవి ఒకదానికొకటి అతుక్కుని స్టెంట్‌లో గడ్డ కట్టకుండా ఈ బిళ్ల చూస్తుందని చెప్పా. మందు తగిలిన ప్లేట్‌లెట్ బతికే వారం పది రోజులూ మళ్లీ మామూలు కాదు. కానీ ఒళ్లు రోజూ కొత్తవి పుట్టిస్తుంది, వాటికీ మందు అందాలి. ఆయన ఒకప్పుడు రొయ్యల చెరువు చేసిన మనిషి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల సంగతి తెలుసు. "రొయ్యలు బాగానే ఉన్నాయిగా అని రాత్రిపూట ఏరేటర్లు ఆపేవాడివా నాయనా?" అన్నా. "అది వేరురా" అన్నాడు గానీ, మర్నాడు మాతో పాటు ఒంగోలు బయల్దేరాడు. డాక్టర్ చూసి మళ్లీ మొదలుపెట్టించారు.

పక్కింటి మామది ఇంకో కథ. గుండెజబ్బు లేదు, స్టెంట్ లేదు. రక్తం పల్చబడితే మంచిదేనని ఎవరో అంటే, సొంతంగా రోజూ ఇదే బిళ్ల మింగుతున్నాడు. పైగా కడుపులో మంట. గుండెజబ్బు లేని పెద్దవాళ్లకు ఆస్పిరిన్ ఇచ్చి చూసిన ఆస్ప్రీ అధ్యయనం ఫలితాలు 2018లోనే వచ్చాయి: గుండెకు చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. డాక్టర్‌కు చూపించుకో మామా అంటే వింటేగా.

"మీ నాయనకు మంచిదైంది నాకు చెడ్డదెట్లా అవుద్దిరా?" అంటాడు.