సవరణ: వంజరం ముక్కలో కనిపించిన తెల్ల పురుగు

పోయిన ఆదివారం కడపలో కొన్న వంజరం ముక్కలో తెల్ల పురుగు కనిపిస్తే, ఫోటో పెట్టి "ఇది తింటే మెదడుకెక్కి ఫిట్స్ వస్తాయి" అని రాశాను. అది తప్పు. కనుక్కోకుండా రాసింది నేనే.

మెదడుకు చేరేది పంది బద్దెపురుగు. అదీ మాంసం తిన్నందుకు కాదు. మనిషి మలంతో బయటికొచ్చే దాని గుడ్లు మురికి చేతుల వల్లో, కడగని ఆకుకూరల వల్లో నోట్లోకి పోతే వచ్చే జబ్బు అది.

వంజరంలోది ట్రిపనోరింకా అనే సముద్రపు బద్దెపురుగు పిల్ల. దోసగింజంత సంచిలో ముడుచుకుని ఉంటుంది. తలకు నాలుగు పోగులు, వాటి నిండా సన్నని కొక్కేలు. ఆ చేపను సొరచేపో టేకు చేపో మింగితే వాటి కడుపులోనే పెద్దదవుతుంది, మన కడుపులో పెరగదు. పరాన్నజీవుల పాఠం చెప్పే ఒక అధ్యాపకుడు ఫోటో చూసి చెప్పారు. పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే ఉంది.

పచ్చి చేప తింటే మనిషికి పట్టే బద్దెపురుగు వేరే ఉంది. బాగా ఉడికిన పులుసులో అదీ బతకదు.

నా పోస్టు చూసి చేపలమ్మే అక్కను కొందరు నిలదీశారట. ఆ పురుగు చేప సముద్రంలో ఉన్నప్పుడే చేరింది, నిల్వ ఉంచితే పట్టింది కాదు. ఆమె తప్పేమీ లేదు. కనిపించిన సంచి తీసేసి వండుకోండి.