స్పెయిన్‌లో డిఫెన్స్ లేదని ఎవరన్నారు?

2023-24 సీజన్‌లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 380 మ్యాచ్‌లకు 1,246 గోల్స్ పడ్డాయి. మ్యాచ్‌కు సగటున మూడుకు పైనే. అది 20 క్లబ్బుల లీగ్‌గా మారాక ఒక సీజన్‌లో ఇన్ని గోల్స్ అంతకుముందెప్పుడూ రాలేదు. అదే ఏడాది స్పెయిన్ లా లిగాలో అన్నే మ్యాచ్‌లకు గోల్స్ వెయ్యి దగ్గరే ఆగిపోయాయి. అయినా మన దగ్గర ఫుట్‌బాల్ ముచ్చట మొదలైతే చాలు, “ఇంగ్లండ్ డిఫెండర్లు గట్టివాళ్లు, స్పెయిన్‌లో డిఫెన్సే ఉండదు, మెస్సీ, రొనాల్డో అన్ని గోల్స్ కొట్టింది అందుకే” అనే మాట వచ్చి తీరుతుంది.

ఈ మాట ఎలా పుట్టిందో ఊహించవచ్చు. ప్రీమియర్ లీగ్ శనివారం మ్యాచ్‌లు మనకు సాయంత్రం నుంచి రాత్రి భోజనాల వేళ వరకు నడుస్తాయి. లా లిగా పెద్ద మ్యాచ్‌లు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. అంత రాత్రి మేలుకుని చూసేది రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలను మాత్రమే. మిగతావి పొద్దున ఫోన్‌లో హైలైట్స్. అందులో గోల్ పడిన నిమిషాలే కనిపిస్తాయి తప్ప, పడకుండా ఆపిన గంటన్నర కనిపించదు. ఒక లీగ్‌లో డిఫెన్స్ ఎలా ఉందో తెలియాలంటే పట్టికలో ఐదో స్థానం నుంచి పదిహేనో స్థానం దాకా ఉన్న జట్లను చూడాలని నా అభిప్రాయం.

గెటాఫేనే తీసుకోండి. మాడ్రిడ్ పక్కనున్న చిన్న క్లబ్బు. హోసే బోర్దలాస్ కోచ్‌గా 2018-19లో ఐదో స్థానంలో నిలిచింది. ఎదుటి జట్టు ఊపందుకోకముందే, మైదానం మధ్యలోనే ఒక చిన్న ఫౌల్ చేస్తారు. విజిల్ మోగుతుంది. ఫ్రీకిక్ తీసుకునేలోపు పదకొండు మందీ ఎవరి చోటికి వాళ్లు చేరిపోతారు. ఇంగ్లండ్ రిఫరీలు చూసీచూడనట్టు వదిలేసే తాకిడికి కూడా స్పెయిన్‌లో విజిల్ మోగుతుంది కాబట్టి అక్కడ ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. చూడటానికి విసుగే. కానీ అది లెక్క ప్రకారం చేసే డిఫెన్స్.

ఈ విద్యలో ఆరితేరిన కోచ్ డియెగో సిమియోనే. 2015-16లో ఆయన అట్లెటికో మాడ్రిడ్ 38 లీగ్ మ్యాచ్‌ల్లో ఇచ్చింది 18 గోల్సే. 1993-94లో డెపోర్టివో లా కొరునా నెలకొల్పిన రికార్డుతో సమానం. ఆ పద్ధతి లోతు తెలియాలంటే మాత్రం 2022 ఏప్రిల్ 5న మాంచెస్టర్ సిటీతో ఆడిన ఛాంపియన్స్ లీగ్ (ఐరోపా మేటి క్లబ్బుల పోటీ) క్వార్టర్ ఫైనల్ మొదటి మ్యాచ్ చూడాలి. సిమియోనే ఐదుగురిని వెనుక, మరో ఐదుగురిని వాళ్లకు కాస్త ముందు నిలబెట్టాడు. పైన ఎవరూ లేరు. సిటీ బంతిని ఎడమకు తిప్పితే రెండు వరుసలూ ఎడమకు, కుడికి తిప్పితే కుడికి, కబడ్డీలో చేతులు పట్టుకున్న గొలుసులా ఒక్కసారే కదిలాయి. బంతి మీద ఎవరూ దూకలేదు, ట్యాకిల్‌కు తొందరపడలేదు. 70వ నిమిషంలో, అప్పుడే మైదానంలోకి వచ్చిన ఫోడెన్ డిఫెండర్ల మధ్య నుంచి జార్చిన పాస్‌ను డి బ్రూయ్నే గోల్ చేశాడు. వారం తర్వాత మాడ్రిడ్‌లో 0-0. ఆ రోజుల్లో ఐరోపాలోనే అత్యంత పదునైన అటాక్‌కు రెండు మ్యాచ్‌ల్లో కలిపి దక్కింది ఒక్క గోల్. మొదటి మ్యాచ్‌లో అట్లెటికో ఒక్క షాట్ కూడా కొట్టలేదన్నదీ నిజమే. డిఫెన్స్‌కు పెట్టిన ఖరీదు అది.

ఇంగ్లండ్‌లో ఈ ఆట ఆడటం కష్టం. అక్కడ ఆట అంత తరచుగా ఆగదు. లాంగ్ బాల్ వస్తుంది, తల తగిలి ఎక్కడో పడుతుంది, ఆ సెకండ్ బాల్ కోసం నలుగురు పరుగెత్తుతారు. మాంచెస్టర్ సిటీ కోచ్‌గా వచ్చిన పెప్ గార్డియోలా అంతటివాడికే ఇది అర్థం కావడానికి టైమ్ పట్టింది. 2016 డిసెంబరులో సిటీ లెస్టర్‌కు ఐదు నిమిషాలకే రెండు గోల్స్ ఇచ్చి, చివరికి 4-2తో ఓడింది. లెస్టర్ ఫార్వర్డ్ వార్డీ హ్యాట్రిక్ కొట్టాడు. తాను ట్యాకిల్స్ నేర్పే కోచ్‌ను కానని గార్డియోలా అన్నది ఆ మ్యాచ్ తర్వాతే. అదే గార్డియోలా 2022-23లో మూడు ట్రోఫీలు గెలిచినప్పుడు వెనుక వరుసలో ఆడించింది స్టోన్స్, డియాస్, అకాంజీ, ఆకే వంటి సెంటర్ బ్యాక్‌లనే (గోల్ ముందు మధ్యలో నిలిచే డిఫెండర్లు). స్టోన్స్ బంతి తమ దగ్గర ఉన్నప్పుడు మిడ్‌ఫీల్డ్‌లోకి వెళ్లేవాడు, పోగానే వెనక్కి వచ్చేవాడు. ఒకరితో ఒకరు తలపడే పోటీలో ఓడిపోని మనుషులు ఉంటే తప్ప పాసుల ఆట ఇంగ్లండ్‌లో నిలబడదని ఆయనకు ఆ లీగ్ నేర్పింది. కోచ్ ఆర్టెటా ఆర్సెనల్‌లో చేసింది కూడా ఇదే. సలీబా, గాబ్రియేల్, వాళ్ల పక్కన రైట్ బ్యాక్‌గా మరో సెంటర్ బ్యాక్ బెన్ వైట్. 2023-24లో అన్ని గోల్స్ పడిన లీగ్‌లో ఆ జట్టు ఇచ్చింది 29.

రెండు లీగ్‌ల మధ్య అసలైన తేడా బంతి ఆగినప్పుడు తెలుస్తుంది. స్పెయిన్‌లో ఆట ఆగితే ఊపిరి తీసుకుంటారు, వరుస సర్దుకుంటారు. ఇంగ్లండ్‌లో ఆట ఆగితే టెన్షన్ మొదలవుతుంది. 2008లో ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చిన స్టోక్ సిటీ తరఫున రోరీ డెలాప్ చేత్తో విసిరే త్రోకు పెద్ద క్లబ్బులు సైతం వణికాయి. ఇప్పుడు బ్రెంట్‌ఫర్డ్ లాంటి జట్లు ఆ లాంగ్ త్రోను మళ్లీ ఆయుధం చేసుకున్నాయి. 2019 మే 7న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో బార్సిలోనా కొంప ముంచింది ఈ తేడానే. కార్నర్ దగ్గర లివర్‌పూల్ ఆటగాడు అలెగ్జాండర్-ఆర్నల్డ్ వెనక్కి తిరిగి వెళ్తున్నట్టు కనిపించి, చటుక్కున బంతి కొట్టాడు. బార్సిలోనా డిఫెండర్లు ఇంకా సర్దుకుంటూనే ఉన్నారు, ఒరీగి గోల్ చేసేశాడు. 4-0.

బార్సిలోనా ఈమధ్య ఎంచుకున్న దారి మరీ సాహసం. 2024 అక్టోబరు 26న రియల్ మాడ్రిడ్ మైదానం బెర్నబ్యూలో బార్సిలోనా కోచ్ హాన్సీ ఫ్లిక్ డిఫెన్స్ వరుసను సగం గీత దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు. పరుగులో మాడ్రిడ్ ఫార్వర్డ్ ఎంబాపేను అందుకునేవాడు ప్రపంచంలో లేడు, అతని ముందు అంత ఖాళీ మైదానం! కానీ పాస్ ఇచ్చేవాడికి తలెత్తి చూసే టైమ్ ఇవ్వకపోతే ఆ ఖాళీ ఎందుకూ పనికిరాదు. ముందున్నవాళ్లు మీద పడగానే 17 ఏళ్ల కుబార్సీ, పక్కనే ఇనీగో మార్టినెజ్ ఒక్క అడుగు ముందుకు వేశారు. మాడ్రిడ్ 12 సార్లు ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణానికే డిఫెండర్ల వరుస దాటి ఉండటం), అందులో ఎనిమిది ఎంబాపేవే. బార్సిలోనా 4-0తో గెలిచింది. ఈ ఆఫ్‌సైడ్ గీతను సెంటీమీటర్లలో కొలిచే సెమీ ఆటోమేటెడ్ ఆఫ్‌సైడ్ లా లిగాకు ఆ సీజన్ మొదట్లోనే వచ్చింది. ప్రీమియర్ లీగ్‌కు వచ్చింది 2025 ఏప్రిల్‌లో. ఇలా వరుసను ముందుకు తెచ్చే హై లైన్‌కు అది కూడా ధైర్యం ఇచ్చిందని నా నమ్మకం. అదే బార్సిలోనా 2025 ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో ఇటలీ జట్టు ఇంటర్‌కు రెండు మ్యాచ్‌ల్లో ఏడు గోల్స్ ఇచ్చింది. మొదటి మ్యాచ్‌లో డమ్‌ఫ్రీస్ కొట్టిన రెండూ కార్నర్ల నుంచి వచ్చినవే. ఆఫ్‌సైడ్ వల కార్నర్‌కు పనికిరాదు.

ఈమధ్య ఇంగ్లండ్‌లో డిఫెన్స్ బాగా నేర్పారని పేరు తెచ్చుకున్న కోచ్‌లు ఎక్కడివాళ్లో చూడండి. ఆర్టెటాది సాన్ సెబాస్టియన్. ఆస్టన్ విల్లాకు ఆఫ్‌సైడ్ వల నేర్పి 2023-24లో నాలుగో స్థానానికి తెచ్చిన ఉనాయ్ ఎమెరీది ఒందర్రిబియా. రాయో వయెకానో నుంచి 2023లో బోర్న్‌మత్‌కు వచ్చిన ఆండోని ఇరావోలాది ఉసుర్బిల్. మూడూ ఉత్తర స్పెయిన్ బాస్క్ ప్రాంతంలో గిపుస్కోవా అనే ఒక్క చిన్న జిల్లాలోనివే.

లా లిగాలో గోల్స్ తక్కువ పడేది అక్కడి చిన్న క్లబ్బులకు మంచి ఫార్వర్డ్‌లను కొనే డబ్బు లేకపోవడం వల్లేనని కొందరంటారు. కొంత నిజముంది. ఇంగ్లండ్‌లో కింది జట్లు కూడా స్పెయిన్‌లో చాలా క్లబ్బుల కంటే ఎక్కువ ఖర్చు పెట్టగలవు. అదొక్కటే కారణమైతే ఆ ఖరీదైన ఫార్వర్డ్‌లు ఎదురైనప్పుడు స్పెయిన్ జట్లు కూలిపోవాలి కదా? 2023లో లా లిగాలో 12వ స్థానంలో ముగిసిన సెవియా, యూరోపా లీగ్ (ఐరోపా క్లబ్బుల రెండో స్థాయి పోటీ) క్వార్టర్ ఫైనల్లో మాంచెస్టర్ యునైటెడ్‌ను సొంత మైదానంలో 3-0తో ఇంటికి పంపింది. అంతకు రెండేళ్ల ముందు, స్పెయిన్‌లో ఏడో స్థానం జట్టు విల్లారియల్ అదే పోటీ సెమీఫైనల్లో ఆర్సెనల్‌ను సొంతగడ్డపై 2-1తో ఓడించి, లండన్ వెళ్లి 0-0తో బయటపడింది. ఫైనల్లో, ఆ ఏడాది ఇంగ్లండ్‌లో రెండో స్థానంలో నిలిచిన యునైటెడ్‌ను 120 నిమిషాల పాటు ఒక్క గోల్ దగ్గరే ఆపి, పెనాల్టీల్లో 11-10తో గెలిచింది. కోచ్ ఎమెరీ, సెంటర్ బ్యాక్ పావ్ టోరెస్. ఎమెరీని 2022లో ఆస్టన్ విల్లా తీసుకెళ్లింది, మరుసటి వేసవిలో టోరెస్‌ను కూడా కొనేసింది.