సవరణ: మర్చిసన్ జలపాతం కొలతలు తారుమారయ్యాయి

ఉగాండాలోని మర్చిసన్ ఫాల్స్ నేషనల్ పార్క్ గురించి మొన్న రాసినదాంట్లో జలపాతం వెడల్పు 43 మీటర్లు, ఎత్తు 7 మీటర్లు అని పడింది. అంకెలు తిరగబడ్డాయి. ఎత్తే సుమారు 43. అంత పెద్ద నైలు నది ఏడెనిమిది మీటర్ల రాతి సందులో దూరి కిందికి దూకుతుంది. వింతంతా ఆ ఇరుకులోనే ఉంది, సరిగ్గా దాన్నే నేను చెడగొట్టాను!

ఇంకోటి. అందులో ఈ నదిని 'విక్టోరియా నైలు' అన్నందుకు కొందరు విక్టోరియా జలపాతం అనుకున్నారు. అది ఎక్కడో దక్షిణాన, జాంబెజీ నది మీద ఉంది. విక్టోరియా సరస్సులో బయల్దేరి ఆల్బర్ట్ సరస్సు దాకా పారే నైలుకే ఈ పేరు.

పార్కులోని పారా అనే చోటు నుంచి వెళ్ళే పడవ జలపాతం అడుగుదాకా పోదు, కాస్త దూరంలోనే ఆగుతుంది. పైనుంచి చూడాలంటే అక్కడ దిగి నడిచి పైకి ఎక్కాలి, లేదా బండిలో చుట్టు తిరిగి వెళ్ళాలి.