తుంటి ఆపరేషన్ వద్దనే ఆ మెసేజ్ నమ్మకండి

కర్నూలులో మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మానసిక రోగులకు తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించకండి, ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పోతారు. పుత్తూరు కట్టు చాలు. చేయించినా ఆ మతి మందులు ఆపేయండి" అని. మా చిన్నమ్మకు ఏళ్లుగా స్కిజోఫ్రీనియా. పోయినేడు తుంటి విరిగి ఆపరేషన్ అయింది. చూసింది చెప్తాను.

ముప్పు ఉన్న మాట నిజమే. మానసిక జబ్బున్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత నిమ్ము, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఎక్కువగానే వస్తాయి. అయితే దానికి జబ్బు ఒక్కటే కారణం కాదు. చిన్నమ్మ మంట తట్టుకోలేక మూత్రం పైపు పీక్కోబోతే, "పిచ్చి ముదిరింది" అని చేతులు కట్టేశారు. నడిపించడానికి వచ్చినాయన పక్క మంచాలవాళ్లను వాకర్‌తో నిలబెట్టి, "ఈమె చెప్పినా వినదులే" అని వెళ్లిపోయాడు. మూడో రోజు నేను పోయేసరికి యూరిన్ బ్యాగు ఆమె కడుపు మీదుంది. అది మూత్రాశయం కంటే కిందికి వేలాడాలి, నేలకు తగలకూడదు. పైనుంటే మూత్రం వెనక్కి పారి క్రిములు లోపలికి పోతాయి. ఐదో రోజు చలిజ్వరం. ఇందులో స్కిజోఫ్రీనియా చేసిందేముంది?

కట్టు చాలనడం ఇంకా ప్రమాదం. చేతికో మణికట్టుకో కట్టు కట్టించుకున్నవాళ్లతో నాకు పేచీ లేదు. తుంటి అలా కాదు. వారాల తరబడి మంచంలో ఉంటే నిమ్ము, వీపున పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు. మెసేజ్ భయపెట్టిన ఇన్‌ఫెక్షన్ ఇంట్లోనే పట్టుకుంటుంది. అందుకే వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్ చేసి, మర్నాడే లేపి నిలబెట్టాలంటారు డాక్టర్లు.

మందులు మనంతట మనం ఆపితే జబ్బు తిరగబెడుతుంది, తిండీ నడకా మానేస్తారు. అయితే ఆ మందుల్లోనూ కొన్నిటికి మగత వచ్చి మింగడం కష్టమై, ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ అనే మందు, క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలను తగ్గించగలదు. కాబట్టి మందుల చీటీ మొత్తం ఆపరేషన్‌కు మత్తిచ్చే డాక్టరుకు చూపించండి, మార్పులు మానసిక వైద్యుడే చెప్పాలి. కూర్చోబెట్టే తినిపించండి.

ఇతరులతో సమానంగా వైద్యం పొందే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. "వినదులే" అంటే ఊరుకోకండి. పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టరును రోజూ అడగండి: "సార్, ఈ పైపు ఇంకా అవసరమా? ఈరోజు ఎవరు నడిపిస్తారు?"