మేవ్ బించీ చివరి కథలు సొరుగు దులిపి అమ్ముకున్నవి కావు

"రచయిత పోయాక వచ్చే పుస్తకాలు కొనకండి" అనే మాట ఈ మధ్య బాగా తిరుగుతోంది, నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: కథలు బాగుంటే బతికుండగానే వేసేవారు, పోయాక ఇంట్లోవాళ్ళు డబ్బు కోసం సొరుగులు దులిపి అమ్ముకుంటారు, అవన్నీ చిత్తుప్రతులు, పైగా కాలం చెల్లినవి. దీనికి ఉదాహరణగా చూపించింది ఐర్లండ్ రచయిత్రి మేవ్ బించీ 'చెస్ట్‌నట్ స్ట్రీట్'ని. అక్కడే నాకు కోపం వచ్చింది, ఎందుకంటే ఆ పుస్తకం నేను రెండుసార్లు చదివాను, ఇప్పుడు మూడోసారి మా అమ్మకి తెలుగులో చెబుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. బించీ డబ్లిన్ దగ్గర డాల్కీలో ఉండేవారు, 2012 జులైలో చనిపోయారు. డబ్లిన్‌లో ఒక వీధిని ఊహించుకుని, ఆ వీధిలో ఉండేవాళ్ళ మీద ఏళ్ళ తరబడి రాసిన చిన్న కథలన్నీ కలిపి 2014లో ఈ పుస్తకం వేశారు.

"బాగుంటే బతికుండగానే వేసేవారు కదా" అంటున్నారు. వేశారండీ! ఇందులో ఉన్న 'ద బిల్డర్స్' 2002లో, 'స్టార్ సలివన్' 2006లో చిన్న పుస్తకాలుగా ఆవిడ ఉండగానే వచ్చాయి. రెండూ 'ఓపెన్ డోర్' అనే వరసలో, అంటే పెద్దయ్యాక చదవడం నేర్చుకుంటున్నవాళ్ళ కోసం పేరున్న రచయితలు తేలిక మాటల్లో రాసిన పుస్తకాల్లో. మిగతావి ఎందుకు ఆగాయన్నదానికి ఆవిడ భర్త గోర్డన్ స్నెల్ ముందుమాటలోనే జవాబుంది: ఎప్పటికైనా ఈ వీధి పేరుతోనే ఒక పుస్తకం చెయ్యాలని ఆవిడ వీటిని రాసి పక్కన పెడుతూ వచ్చారట. పక్కన పెట్టడం వేరు, పారెయ్యడం వేరు. మన ఇళ్ళల్లో కూతురి పెళ్ళికని దాచిన పట్టుచీరని ఎవరైనా పనికిరాని బట్ట అంటారా?

రచయిత వద్దని చెప్పిన సందర్భాలు వేరే ఉన్నాయి, అక్కడ నేను మీ పక్షమే. ఇంగ్లండ్ రచయిత టెరీ ప్రాచెట్ తన అసంపూర్తి రచనలున్న హార్డ్ డ్రైవ్‌ని రోడ్ రోలర్‌తో తొక్కించమన్నారు, 2017లో నిజంగానే తొక్కించారు. కొలంబియా రచయిత మార్క్వెజ్ తన చివరి నవల నాశనం చెయ్యమన్నా కొడుకులు 2024లో అచ్చు వేశారు, దాని మీద వాదించుకోవలసిందే. బించీ విషయంలో అలాంటి "వద్దు" ఏదీ లేదు, ఉన్నది ఒక ప్లాను. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

డబ్బు సంగతి. బతికుండగానే నాలుగు కోట్లకి పైగా కాపీలు అమ్ముడుపోయిన రచయిత్రి ఆవిడ. స్నెల్ కూడా రచయితే, పిల్లల పుస్తకాలు రాస్తారు. ఇద్దరూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని రాసుకుని, రాసింది ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు. ఏ కథ పాఠకుల దాకా రావాలో ఆ పక్క కుర్చీలో మనిషికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

చిత్తుప్రతులు అన్న మాట దగ్గర కొంత ఒప్పుకుంటాను. అన్ని కథలూ ఒకే స్థాయిలో లేవు. కొన్ని నాలుగైదు పేజీల్లోనే తేలిపోతాయి, కొన్నింట్లో ముగింపు తొందరగా వచ్చి పడుతుంది, నవలలా పాత్రలు కలిసి వస్తాయని ఎదురు చూస్తే నిరాశే. కానీ 'స్టార్ సలివన్' చదవండి. పాప పుట్టినప్పుడు ఏడుపూ గొడవా లేకుండా నవ్వుతూ ఉందని తల్లి "చిన్న స్టార్" అంటుంది, అంతే, ఆ పేరే ఉండిపోతుంది, ఊనా అనే అసలు పేరు అందరూ మర్చిపోతారు. తండ్రి జూదం, తల్లి అలసట, అందరి మధ్యా గొడవ రాకుండా ఆ పిల్ల పడే తాపత్రయం. ఎవరినీ ఇబ్బంది పెట్టని పిల్ల గురించి ఇంట్లో ఎవరూ పట్టించుకోరన్న సంగతి బించీ ఎక్కడా చెప్పరు, ఆ పేరు పోవడంలోనే పెట్టేశారు. నేను ఈ కథ చెబుతుంటే మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మధ్యలో ఆగి, "ఇంతకీ దాని అసలు పేరు ఏమన్నావ్?" అని అడిగింది. అమ్మ కూడా మర్చిపోయింది! చిత్తుప్రతి ఆ పని చెయ్యలేదు.

ఇక "కాలం చెల్లిన ఆడవాళ్ళ కథలు" అన్న ఆఖరి మాట, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. బించీ 1968లో ఐరిష్ టైమ్స్ పత్రికలో మహిళల పేజీల ఎడిటర్‌గా చేరారు. అప్పటికి ఐర్లండ్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేసే ఆడపిల్ల పెళ్ళి చేసుకుంటే రాజీనామా చెయ్యాల్సిందే, ఆ నిబంధన 1973 దాకా ఉంది. విడాకులకి దారి తెరుచుకుంది 1995 ప్రజాభిప్రాయ సేకరణతో, అదీ ఒక్క శాతం కూడా లేని తేడాతో. ఆ దేశంలో వంటింట్లో ఒక ఆడమనిషి ఎందుకు మాట్లాడకుండా ఉండిపోయిందో రాయడమంటే ఆ దేశం గురించి రాయడమే. మొగుడికి దూరమై, ఉద్యోగం చేతిలో లేక, పిల్లల ముందు నవ్వుతూ తిరిగే మనుషులు మన వీధుల్లో లేరా? నాకు మా పిన్ని గుర్తొచ్చింది, అంతకంటే చెప్పను.

పుస్తకం చదవాలనుకుంటే ఒక్కటే మాట, ఏకబిగిన చదవకండి, కథలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. రోజుకొకటి చాలు. మేమలాగే చేస్తున్నాం. నిన్న రాత్రి 'ద బిల్డర్స్' మొదలుపెట్టాను. నాన్ అనే ఆవిడ, పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతే ఒక్కతే ఉంటుంది, పక్కింట్లో పనికి మేస్త్రీలు దిగుతారు. అమ్మకి నిద్ర వస్తోందని సగంలో ఆపాను. పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూనే అడిగింది, "ఆ మేస్త్రీ మంచివాడేనా, లేకపోతే దొంగతనానికి ఇల్లు చూసిపోవడానికి వచ్చాడా?" అని.