2050 మ్యాప్ గీసే ముందు 2013 మ్యాప్ లెక్క తేల్చండి

హైదరాబాద్‌కు 2050 దాకా మాస్టర్ ప్లాన్ తయారు చేసే పని హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ముందుంది. 2025లో పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు దాకా పెంచాక, అది పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది. కోర్ సిటీ, సైబరాబాద్, ఎయిర్‌పోర్ట్, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) గ్రోత్ కారిడార్ అంటూ తలా ఒక ప్లాన్ నడుస్తున్న చోట అన్నిటినీ కలిపి ఒకటి చేయడం మంచి పనే. ఈ ప్రయత్నానికి నేను వ్యతిరేకం కాదు. కానీ ఉన్న ప్లాన్ ఏమైందో జనానికి చెప్పకుండా కొత్తది గీయొద్దు.

2031 దాకా అని 2013 జనవరిలో ఒక ప్లాన్ ఇచ్చారు. ఏ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో అందులో ఉంది. ఆ తర్వాత ఒక్కో ఫైలూ కదిలింది. కట్టడాలు పెద్దగా రాకుండా కాపాడాల్సిన కన్జర్వేషన్ జోన్‌లోని భూమి ఇళ్లు కట్టే రెసిడెన్షియల్ జోన్ అయింది. పేపర్లో ఓ మూల సర్వే నంబర్లతో చిన్న నోటిఫికేషన్, అభ్యంతరాలకు కొద్ది రోజుల గడువు, ఆపైన ఫీజు, జీవో. విడిగా చూస్తే ప్రతి జీవో సక్రమంగానే కనిపిస్తుంది. అన్నిటినీ ఒకే మ్యాప్ మీద పెట్టి చూపించండి: ఎన్ని ఎకరాలు మారాయి, ఎవరి పేరున మారాయి, పక్కన ఏ చెరువుంది?

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఫైలు కదిలించుకోలేని వాళ్లు ఆ గీతల కిందే ఉండిపోయారు. శంకర్‌పల్లి వైపు మా మేనమామకు రెండెకరాలుంది. మ్యాప్‌లో దాని మధ్య నుంచి వంద అడుగుల రోడ్డు పోతోంది. నేల మీద రోడ్డు లేదు. కొనడానికి వచ్చినవాళ్లు ఆ మార్కింగ్ చూసి వెనక్కి పోతున్నారు. అక్కడ ఇల్లు కట్టడానికి పర్మిషన్ రాదు. భూసేకరణ జరగలేదు కాబట్టి పరిహారమూ లేదు. ‘రోడ్డేస్తరా, ఎయ్యరా, ఒక్క మాట చెప్పుమను బిడ్డా’ అంటాడు. ఆయనకేం జవాబు చెప్పాలి?

111 జీవో సంగతీ ఇంతే. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 84 గ్రామాల మీద ఆంక్షలు పెట్టారు. అవసరమైన ఆంక్షలే. కానీ ఇరవై ఐదేళ్లకు పైగా ఆ భారం మోసింది అక్కడి రైతులు, నీళ్లు తాగింది నగరం. వాళ్లకు ఏటా ఇంత అని చెల్లించి ఉంటే 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ మరో జీవో ఇచ్చే దాకా వచ్చేది కాదని నా నమ్మకం. కొత్త ప్లాన్‌లో ఏ ఊరిని కన్జర్వేషన్ జోన్‌లో పెట్టినా, ఆ రైతుకు డబ్బు రూపంలోనో టీడీఆర్ (వేరే చోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు) రూపంలోనో ఏమిస్తారో అదే ప్లాన్‌లో రాయాలి.

అన్నిటికంటే ముందు నీళ్లు. మనవి గొలుసుకట్టు చెరువులు. ఒకటి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు పోవాలి. ఆ దారిలో కాలనీలు లేచాయి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. ఎఫ్‌టీఎల్‌కు, అంటే చెరువు నిండితే నీరు ఎంత దూరం వస్తుందో చెప్పే హద్దుకు, తుది నోటిఫికేషన్ రాని చెరువులు ఇంకా ఉన్నాయి. హద్దు తేల్చకుండా పర్మిషన్లు ఇవ్వడం, అప్పు చేసి ఇల్లు కొనుక్కున్నాక బుల్డోజర్ పంపడం ఘోరమైన అన్యాయం. అందుకే చెరువులు, నాలాలు, వాటి పక్కన ఖాళీగా వదలాల్సిన బఫర్లు సర్వే నంబర్లతో సహా ముందు గీయండి. మిగిలిన నేల మీదే జోన్లు.

ఇంకో మాట. 2006 నుంచి మన దగ్గర ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే లెక్క, లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదిలే ఖాళీ) చూసి ఎత్తు ఇస్తారు. ఆ ఏరియాలో మంచినీళ్లు, డ్రైనేజీ ఎంతమందికి సరిపోతాయో కూడా ప్లానే తేల్చాలి.

డ్రాఫ్ట్ వచ్చినప్పుడు ఇంగ్లిష్ పీడీఎఫ్ ఒకటి వెబ్‌సైట్‌లో పడేస్తే సరిపోదు. తెలుగులో, ఉర్దూలో, సర్వే నంబర్ల వారీగా ప్రతి పంచాయతీ ఆఫీసులో, వార్డు ఆఫీసులో అతికించాలి. గడువు కనీసం మూడు నెలలు ఉండాలి. మీరు కూడా ఆ రోజు మీ సర్వే నంబరు, మీ ఊరి చెరువు ఏ రంగులో ఉన్నాయో వెతకండి. తేడా ఉంటే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. ఊళ్లో పాస్‌పుస్తకం ఉండి ఇవేవీ తెలియని పెద్దవాళ్లకు ఆ కాగితం మీరే రాసివ్వండి.