మేనేజర్ పతన శాస్త్రం

మన గంటల పంచాంగాల చివరి పుటల్లో బల్లి పతన శాస్త్రం అని ఒక అధ్యాయం తప్పకుండా ఉంటుంది. బల్లి మనిషి మీద ఎక్కడ పడితే కలహమో, ఎక్కడ పడితే ధనలాభమో, పురుషులకూ స్త్రీలకూ వేరువేరు పట్టికలు వేసి మరీ పెద్దలు తేల్చిపెట్టారు. ఎప్పుడో ఏడాదికొకసారి, అదీ గోడ మీద పట్టు తప్పినప్పుడు మాత్రమే పడే ప్రాణికి ఇంత శాస్త్రం ఉండగా, ఆగస్టు నుంచి మే వరకు ఎక్కడో ఒకచోట రాలిపడుతూనే ఉండే యూరప్ ఫుట్‌బాల్ మేనేజర్లకు, అంటే జట్లను నడిపే శిక్షకులకు, ఒక శాస్త్రమంటూ లేకపోవడం విజ్ఞాన లోకానికి తీరని లోటు. ఆ లోటును యథాశక్తి పూడ్చే ప్రయత్నమే ఈ వ్యాసం.

ఇంగ్లండ్‌లో ఈ విద్యను ఇంతకాలం పందేల దుకాణాలవారు తమ గుప్పిట్లో పెట్టుకున్నారు. తరువాత ఉద్యోగం పోయేది ఎవరికి అన్న ప్రశ్న మీద అక్కడ బహిరంగంగా, చట్టబద్ధంగా పందేలు కాస్తారు. ఆ తంతుకు ‘సాక్ రేస్’ అని పేరు; ఇంగ్లీషులో ‘సాక్’ అంటే గోనెసంచీ, ఉద్యోగం ఊడబెరకడమూ. బడి ఆటల పోటీల్లో పిల్లలు గోనెసంచిలో కాళ్ళు దూర్చి గెంతే పందేనికీ ఇంగ్లీషులో అదే పేరు. పిల్లల పందెంలో పడకుండా గీత దాటినవాడు గెలుస్తాడు. పెద్దల పందెంలో ముందుగా ఎవడు పడతాడో చెప్పినవాడు గెలుస్తాడు. ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లోనూ ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి కనుక, అర్ధరాత్రి దాకా మేలుకుని ప్రీమియర్ లీగ్ చూసే తెలుగు పాఠకులు ఇక్కడ చెప్పబోయే సూత్రాలను కేవలం జ్ఞానార్జన కోసమే వినియోగించుకోవలసిందిగా మనవి.

ముందుగా సామాన్యుల్లో పాతుకుపోయిన ఒక అపోహను తొలగించాలి. జట్టు ఓడిపోతే మేనేజర్ ఉద్యోగం పోతుందనీ, గెలిస్తే నిలబడుతుందనీ చాలామంది అమాయకంగా నమ్ముతుంటారు. సౌతాంప్టన్ జట్టు రాల్ఫ్ హాసెన్‌హ్యూట్ల్ ఏలుబడిలో 2019 అక్టోబరులో సొంత మైదానంలోనే లెస్టర్ సిటీ చేతిలో 9-0తో ఓడింది. 2021 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో మళ్ళీ సరిగ్గా అదే 9-0. ఆ తరువాత కూడా ఆయన ఇరవై ఒక్క నెలలు నిక్షేపంగా ఉద్యోగం చేసుకున్నారు. ఇక రోబెర్టో డి మాటియో సంగతి చూడండి. చెల్సీకి చరిత్రలో మొట్టమొదటి ఛాంపియన్స్ లీగ్‌ను, అంటే యూరప్ క్లబ్‌ల అత్యున్నత కప్పును, 2012 మే నెలలో తెచ్చిపెట్టారు. అదే ఏడాది నవంబరులో ఆయనను ఇంటికి పంపించారు. యూరప్ మొత్తాన్ని గెలిచినవాడికి ఆరు నెలలు, తొమ్మిదేసి గోల్స్ రెండు విడతలుగా సమర్పించుకున్నవాడికి అంతకు మూడు రెట్లకు పైగా అన్నమాట. స్పెయిన్‌లో రియల్ మాడ్రిడ్ వారు ఈ విషయంలో ఇంకా పెద్ద మనసు గలవారు. 1998లో ముప్ఫై రెండేళ్ళ తరువాత యూరప్ కప్పు తెచ్చిన యుప్ హైంకెస్‌ను పంపేశారు. 2003లో లీగ్ గెలిచిన మరునాడే విసెంటె దెల్ బోస్కెకు ఒప్పందం పొడిగించబోమని చెప్పేశారు. ఆ దెల్ బోస్కే 2010లో స్పెయిన్‌కు ప్రపంచ కప్పు గెలిపించారు. అయితే అది శాస్త్రానికి సంబంధించని వివరం.

అసలు శకునం వేరే ఉంది. దాని పేరు విశ్వాస ప్రకటన. భార్యాభర్తలు పత్రికల వారిని పిలిచి తామిద్దరం అన్యోన్యంగా ఉన్నామని ప్రకటిస్తే బంధువర్గం ఏమనుకుంటుందో, తమ మేనేజర్ మీద పూర్తి నమ్మకం ఉందని ఒక క్లబ్ ప్రకటిస్తే ఫుట్‌బాల్ లోకం సరిగ్గా అదే అనుకుంటుంది. ఈ శకునానికి ప్రామాణికమైన ఉదాహరణ క్లాడియో రానియేరీ. లెస్టర్ జట్టు ఇంగ్లండ్ లీగ్ గెలిస్తే పౌండుకు అయిదు వేల పౌండ్లు ఇస్తామని పందేల దుకాణాలవారు ఎగతాళిగా చెప్పిన 2015-16లో ఆయన ఆ లీగ్‌ను నిజంగానే గెలిచారు. మరుసటి ఏడాది జట్టు కిందికి జారుతుండగా, 2017 ఫిబ్రవరి 7న క్లబ్ ఒక ప్రకటన విడుదల చేసి తమ మేనేజర్‌కు చెక్కుచెదరని మద్దతు ఉందని లోకానికి తెలియజేసింది. ఫిబ్రవరి 23న ఆయన ఉద్యోగం పోయింది. వాట్‌ఫర్డ్ ఛైర్మన్ అయితే 2022లో రాబ్ ఎడ్వర్డ్స్‌ను తెచ్చుకున్నప్పుడు, నరకమే ఎదురైనా వరదే ముంచినా ఆయన వెంట నిలుస్తామని మాట ఇచ్చారు. నరకమూ రాలేదు, వరదా రాలేదు. పది లీగ్ మ్యాచ్‌లు మాత్రం వచ్చాయి. అంతటితో ఎడ్వర్డ్స్ గారు వెళ్ళిపోవలసి వచ్చింది.

రానియేరీ ఉదంతంలో ప్రకటనకూ పతనానికీ మధ్య గడిచిన రోజులను లెక్కపెట్టండి: పదహారు. ఇప్పుడు ఆంజ్ పోస్టెకోగ్లూ జాతకాన్ని పక్కన పెట్టండి. రెండో ఏడాదిలో తాను ఎప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని ఆయన ముందే చెప్పి, చెప్పిన ప్రకారమే 2025 మే 21న బిల్బావోలో యూరప్ రెండో శ్రేణి కప్పయిన యూరోపా లీగ్ గెలిచి, 2008 తరువాత ఒక్క కప్పూ ఎరగని టోటెన్‌హామ్ కరువు తీర్చారు. ఇరవై జట్ల లీగ్‌లో పదిహేడో స్థానంలో నిలిచారన్నది వేరే సంగతి. జూన్ 6న ఆయనను తొలగించారు. మే 21 నుంచి జూన్ 6కు మళ్ళీ పదహారు రోజులే. ఇది కాకతాళీయమని కొట్టిపారేసేవారు మన పూజావిధానం తెలియనివారు. దేవుడికి మనం చేసేవి షోడశోపచారాలు. పదహారు ఉపచారాలూ ముగిశాక చేసేది ఉద్వాసన. ఉద్యోగం నుంచి తొలగించడాన్ని మన పత్రికలవారు ‘ఉద్వాసన పలికారు’ అని రాయడంలోని లోతు నాకు ఇన్నాళ్ళకు బోధపడింది. విమానాశ్రయంలో ఆవాహనం, పత్రికా సమావేశంలో ఆసనం, మెడలో క్లబ్ కండువాతో వస్త్రం, కప్పు గెలిచిన రాత్రి షాంపేన్‌తో స్నానం, తెరిచిన బస్సు మీద ఊరేగింపు, అభిమానుల చేత నీరాజనం. ఆ మీదట ‘యథాస్థానం ప్రవేశయామి’. వినాయకుడికైతే మళ్ళీ ఏడాది రమ్మని చెబుతారు, అదొక్కటే తేడా. రెండే రెండు ఉదాహరణలతో సిద్ధాంతం కట్టడం ఏమి పద్ధతి అని గణాంకవేత్తలు అభ్యంతరపెట్టవచ్చు. లీగ్‌లో రెండే రెండు మ్యాచ్‌లు చూసి జర్మనీ క్లబ్ లెవర్కూసెన్ వారు 2025 సెప్టెంబరు 1న ఎరిక్ టెన్ హాగ్‌ను పంపించారు. కోట్ల యూరోల నిర్ణయానికి రెండు చాలినప్పుడు, ఉచితంగా రాస్తున్న నాకూ రెండు చాలు.

ముహూర్తబలం గురించి కొంత చెప్పాలి. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో ఆటగాళ్ళు తమ తమ దేశాల జట్లకు ఆడడానికి వెళ్ళిపోతారు. ఆ రెండు వారాల పాటు క్లబ్ మ్యాచ్‌లు ఉండవు. మనకు శూన్యమాసంలో శుభకార్యాలు పనికిరావు; వారికి ఈ శూన్యపక్షాన్ని మించిన సుముహూర్తం లేదు, ఎందుకంటే వచ్చే కొత్తవాడికి ఆటగాళ్ళ పేర్లు నేర్చుకునేందుకు వ్యవధి దొరుకుతుంది. 2019 జూన్ 1న ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా టోటెన్‌హామ్‌ను తీసుకువెళ్ళిన మౌరిసియో పోచెట్టినోను నవంబరు విరామంలో, 19వ తేదీ రాత్రి పంపించారు. తెల్లవారేసరికి ఆ కుర్చీలో జోసే మోరిన్యో కూర్చుని ఉన్నారు. ముహూర్తం మంచిదైనా ఫలం శాశ్వతం కాదు. ఆ మోరిన్యోనే 2021 ఏప్రిల్ 19న, లీగ్ కప్ ఫైనల్ ఇంకా ఆరు రోజులు ఉందనగా పంపించారు. కప్పు గెలిచినవారికి పట్టే గతి తెలిసిన క్లబ్, ఆయనకు ఆ ప్రమాదం తప్పించిందని నా అభిప్రాయం.

స్థలం విషయంలో శాస్త్రం ఏమీ విధించలేదు. కార్లో ఆంచెలోట్టికి 2011 మే నెలలో, లీగ్ చివరి మ్యాచ్ ముగిసిన కాసేపటికే, ఎవర్టన్ మైదానపు నడవాలో కబురు చెప్పారు. అంతకు ఏడాది ముందు ఆయన చెల్సీకి లీగ్‌నూ, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్‌నూ కలిపి తెచ్చి ఉన్నారు. జూలియన్ నాగెల్స్‌మన్ 2023 మార్చిలో మంచు మీద స్కీయింగ్ చేసుకుంటూ సెలవులో ఉండగా బయర్న్ మ్యూనిక్‌లో ఆయన ఉద్యోగం జారిపోయింది. లీగ్‌లో ఆ జట్టు అప్పటికి ఒకే ఒక్క పాయింటు వెనుక ఉంది.

జాతకం కన్నా ముందు చూడవలసింది ఇంటి వాస్తు అని నేను క్రమంగా నమ్మడం మొదలుపెట్టాను. వాట్‌ఫర్డ్ ఇంట్లో 2019-20లో హావి గ్రాసియా నాలుగు లీగ్ మ్యాచ్‌లకే ఖాళీ చేశారు. కికే సాంచెస్ ఫ్లోరెస్ డిసెంబరు మొదటి రోజున ఖాళీ చేశారు. నైజెల్ పియర్సన్‌ను ఇంకా రెండు మ్యాచ్‌లు మిగిలి ఉండగా ఖాళీ చేయించారు. ఇంత శ్రద్ధగా అద్దెవారిని మార్చినా ఆ ఏడాది జట్టు కింది లీగ్‌కు పడిపోయింది. ఇటలీలో పలెర్మో యజమాని మౌరిసియో జాంపరీనీకి ‘కోచ్‌లను తినేవాడు’ అనే బిరుదే ఉండేది. ఈశాన్యంలో మెట్లు, నైరుతిలో నుయ్యి పెట్టుకుని ఏడాదికి ముగ్గురు అద్దెవారిని మార్చే ఇంటాయన మన ఊళ్ళలోనూ కనిపిస్తాడు; తమాషా ఏమిటంటే, కలిసిరానిది అద్దెకు వచ్చినవాడి నక్షత్రమేనని ఆయన చివరిదాకా వాదిస్తాడు. జట్టు కింది లీగ్‌కు పడిపోయే నిబంధన ఉంది గాని, యజమాని పడిపోయే నిబంధన ఇప్పటివరకు ఏ లీగ్‌లోనూ లేదు.

ఈ వాస్తు కోణంలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ ఒక్కటే పరిశోధకుడికి జీవితకాలం సరిపోయే క్షేత్రం. జట్టును 2024-25లో ఏడో స్థానానికి చేర్చి, దాదాపు మూడు దశాబ్దాల తరువాత యూరప్ పోటీలకు తీసుకువెళ్ళిన నూనో ఎస్పిరితో సాంతోను, మరుసటి సీజన్ లీగ్‌లో మూడు మ్యాచ్‌లు కాగానే సెప్టెంబరు విరామంలో పంపించారు. ముహూర్తం గమనించగలరు. ఆ స్థానంలోకి వచ్చినవారు మరెవరో కాదు, పదహారు రోజుల పోస్టెకోగ్లూ గారే. ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవలేదు. తొమ్మిదో శకునం కోసం ఎదురుచూడకుండా, అక్టోబరు 18న చెల్సీ మీద ఆట నడుస్తుండగానే యజమాని ఎవాంజెలోస్ మరినాకిస్ తన కుర్చీలో నుంచి లేచి వెళ్ళిపోయారు. ఆట 0-3తో ముగిసి ఇరవై నిమిషాలైనా గడవకముందే ప్రకటన వెలువడింది. మొత్తం కాపురం ముప్ఫై తొమ్మిది రోజులు. కనుక పరిశీలకులు మైదానాన్ని చూస్తూ కళ్ళు కాయలు కాయించుకోవడం మాని, యజమాని కుర్చీని చూడడం అలవాటు చేసుకోవాలి. ఖాళీ అయిన ఆ కుర్చీ, ఖాళీ కాబోయే మరో కుర్చీని సూచిస్తుంది.

ఇంత క్రతువు జరిపితే ఫలితం ఉంటుందా అన్నది నాస్తికులు వేసే ప్రశ్న. బాస్ టెర్ వీల్ అనే డచ్ ఆర్థికవేత్త తమ దేశపు లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన తొలగింపులను పరిశీలించి, మేనేజర్‌ను మార్చిన జట్లు కోలుకున్న మాట నిజమేగాని, అలాంటి గడ్డు దశలోనే ఉండి మార్చని జట్లు కూడా అంతే కోలుకున్నాయని తేల్చారు. దానంతటదే తగ్గిన జ్వరానికి తాయెత్తు పేరు సంపాదించడం మనకు తెలియనిది కాదు. అయినా తాయెత్తు కట్టించుకునేది జ్వరం తగ్గడానికి కాదు, చుట్టాలు వచ్చి ‘ఏం చేశారు?’ అని అడిగినప్పుడు చూపించడానికి.

పడినవారి గురించి కన్నీరు కార్చవలసిన పని లేదు. బల్లి పడితే ఫలం మనకు గాని బల్లికి కాదు. మేనేజర్ పడితే మాత్రం ధనలాభం పడినవాడికే. 2018లో ఆంటోనియో కోంటేనూ ఆయన సిబ్బందినీ సాగనంపిన వ్యవహారానికి, న్యాయవాదుల ఖర్చులతో కలిపి, 2 కోట్ల 66 లక్షల పౌండ్లు అయినట్లు చెల్సీ ఖాతాలే చెబుతున్నాయి. ఉద్యోగం చేయకుండా ఉండడానికి అంత జీతం ఇచ్చే ఉద్యోగం లోకంలో మరొకటి ఉంటే పాఠకులు నాకు తెలియజేయగలరు. మోరిన్యో ఈ యోగంలో సిద్ధపురుషుడు. 2025 ఆగస్టులో ఆయన నడిపిన టర్కీ జట్టు ఫెనర్‌బాచె, పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా చేతిలో ఓడి ఛాంపియన్స్ లీగ్‌కు దూరమైంది. రెండు రోజులకు ఆయన ఉద్యోగం పోయింది. మూడు వారాలు తిరగకముందే బెన్ఫికా ఆయనను మేనేజర్‌గా నియమించుకుంది. తమ చేతిలో ఎలా ఓడాలో కళ్ళారా చూసినవాడికన్నా అర్హుడు ఎవరుంటారు?

ఈ శాస్త్రానికి ఒక మచ్చ ఉందని ఒప్పుకోక తప్పదు. 1989 డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ మైదానంలో అభిమానులు గుడ్డ మీద రాసి మరీ, మూడేళ్ళ సాకులు ఇక చాలు, వెళ్ళిరమ్మని ఆలెక్స్ ఫెర్గూసన్‌కు వీడ్కోలు పలికారు. 1990 జనవరి 7న ఎఫ్ఏ కప్ మ్యాచ్‌లో ఓడితే పోతాడని పత్రికలన్నీ తీర్మానించాయి. మార్క్ రాబిన్స్ అనే కుర్రవాడు ఒక గోల్ కొట్టాడు, మ్యాచ్ గెలిచారు. ఆ ఓటమి జరిగినా తీసేసేవాళ్ళం కాదని యాజమాన్యం తరువాత చెప్పింది గాని, ప్రకటన కాకపోవడం వల్ల ఆ మాటను నమ్మవచ్చు. ఆయన ఆ తరువాత అక్కడే పదమూడు లీగ్ టైటిళ్ళు గెలిచి, 2013లో తనంతట తానే విరమించుకున్నారు. ఆయన ఉద్వాసన మీద ఆనాడు డబ్బు కాసి, ఇరవై మూడేళ్ళు ఓపిక పట్టినవారు ఎవరైనా ఉంటే, చివరికి వారికి దక్కింది సున్నా.

ఇక ఈ విద్య ఎంత దూరం వెళ్ళగలదో చెప్పడానికి టార్కీ యునైటెడ్ అనే చిన్న క్లబ్ ఉంది. 2007 మే 17న అక్కడ లెరాయ్ రోసెనియర్‌ను మేనేజర్‌గా పత్రికలవారికి పరిచయం చేస్తున్న సమయంలోనే క్లబ్ చేతులు మారింది. కొత్త యజమానులకు ఆయనతో పని లేకపోయింది. ఉద్యోగం వయసు పది నిమిషాలు. ఆవాహనానికీ ఉద్వాసనకూ మధ్య ఆసనానికి కూడా సమయం చిక్కలేదు. పెద్ద క్లబ్‌లు ఏ రంగంలోనైనా చిన్న క్లబ్‌లను ఆలస్యంగానైనా మించిపోతాయి కనుక, తరువాత పోయేది ఎవరి ఉద్యోగమని నన్ను నిలదీస్తే, ఇప్పుడు కుర్చీలో ఉన్న ఏ పెద్దమనిషి పేరూ నేను చెప్పను. ఆ పెద్దమనిషి స్థానంలోకి రాబోయేవాడి పేరు చెబుతాను. అతను ఎవరో నియమించబోయే క్లబ్‌కే ఇంకా తెలియదు గనుక, ప్రస్తుతానికి పట్టికలో ఆ గడిని ఖాళీగా వదిలి, పంచాంగాన్ని అచ్చుకు పంపుతున్నాను.